టావెర్నియర్ బండి విప్పిన దారిలో...

సంక్రాంతి వచ్చిందంటే పంతంగి టోల్‌ప్లాజా పేపర్లకెక్కుతుంది. కనుచూపు మేర కార్ల బారు, ఫాస్టాగ్ పనిచేయక తగువులు, వెనక సీట్లో తలలు వేలాడేసి నిద్రపోయే పిల్లలు. ప్రతి జనవరిలోనూ అదే ఫొటో, అదే శీర్షిక. పదిహేడో శతాబ్దంలో ఒక పారిస్ నగల వ్యాపారి కూడా ఈ పంతంగిలోనే ఆగాడు. టోల్ కట్టడానికి కాదు, ఎడ్లకు మేత వేయడానికి.

ఆయన పేరు జాన్ బాప్తిస్త్ టావెర్నియర్. గోల్కొండ వజ్రాల కోసం దేశాలు పట్టుకు తిరిగినవాడు. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిని మజిలీ మజిలీగా రాసిపెట్టాడు. తిన్నగా పోతే నూరు కోసులు, వజ్రాల గని మీదుగా పోతే 112 కోసులు. తాను ఎక్కువగా ఆ చుట్టుదారినే పట్టేవాడినని చెప్పుకున్నాడు. వ్యాపారి కదా, పన్నెండు కోసులు ఎక్కువైనా సరుకున్న చోటు మీదుగానే పోతాడు.

ఆ మజిలీల పేర్లు ఫ్రెంచి నోట పడి మెలికలు తిరిగాయి గానీ, మ్యాపు ముందేసుకుని వరసగా చూస్తే మన ఊళ్లు మనకు తెలిసిపోతాయి. పతెంగీ మన పంతంగి. ఆ తరవాతది నల్గొండ పక్కనున్న పానగల్లు. దాని తరవాత పెన్‌పహాడ్ మండలంలోని నాగులపహాడ్. ఆపైన లకాబరోన్, నా లెక్కలో అది హుజూర్‌నగర్ మండలం లక్కవరం. అక్కణ్నుంచి కృష్ణ ఒడ్డున కొల్లూరు గని. అంటే పేరుమోసిన వజ్రాల బాట ఇప్పటి సూర్యాపేట–కోదాడ హైవే మీద లేదు. దానికి దక్షిణాన, వరిమళ్ల మధ్య, మన హుజూర్‌నగర్ ముంగిట్లోంచి పోయింది.

ఈ బాటకు బోర్డు లేదు, టికెట్టు లేదు, గైడు లేడు. సగం చోట్ల తారురోడ్డు, కొన్ని చోట్ల బండ్ల బాట, కొన్ని చోట్ల ఎవరిదో మిరపచేను. అయినా సైకిల్ మీద పోతే ఆ ప్రయాణపు రుచి ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది. కారులో పోతే మాత్రం ఏమీ కనపడదు. ముందే చెబుతున్నా.

నల్లరాయి నుంచి వరిమడి దాకా

మొదలు నాగులపహాడ్‌లో పెట్టుకోవాలి. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లు ముందు పిల్లలమర్రి చూసుకుని రావడం మేలు. రేచర్ల రెడ్ల ఊరది, కాకతీయులకు సామంతులుగా ఉన్నవాళ్లు. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసాని కట్టించింది. ఒక స్త్రీ పేరు మీద, ఆమె వేయించిన శాసనంతో ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన గుడి హైవేకి కూతవేటు దూరంలో ఉంటే, మనం మాత్రం అక్కడి దాబాలో ప్లేటు ఇడ్లీ తిని బండెక్కేస్తాం. పదిహేనో శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే.

నాగులపహాడ్ గుళ్లు పదమూడో శతాబ్దానివి. త్రికూటాలయం, దాని మండపంలో నున్నగా తోమిన నల్లరాతి స్తంభాలు. టావెర్నియర్ ఇక్కడ మజిలీ చేసేనాటికే ఈ గుళ్లకు నాలుగు వందల ఏళ్లు. ఆయన దృష్టి రాళ్ల మీదే కానీ ఈ రాళ్ల మీద కాదు. గుడి గురించి ఆయన నోట మాట రాలేదు.

నాగులపహాడ్ దాటి గరిడేపల్లి వైపు తిరిగితే దృశ్యం మారిపోతుంది. మెట్ట పోయి మాగాణి వస్తుంది. ఇది సాగర్ ఎడమకాల్వ చేసిన మాయ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాల్వ అని రికార్డుల్లో ఉన్న పేరు. ఊళ్లో ఎవర్నడిగినా ఎడమకాల్వ అంటారు, లేదా ఒట్టి ‘మెయిన్ కాల్వ’. మిర్యాలగూడ రైస్ మిల్లులైనా, హుజూర్‌నగర్ బజార్లోని ఎరువుల కొట్లయినా, కోదాడ లాడ్జీలైనా ఈ నీటి మీద లేచినవే.

నవంబరు చివర్లో ఈ రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే ఒక మర్యాద తెలిసి ఉండాలి. కోతలు ముమ్మరంగా ఉంటాయి. హార్వెస్టర్ నుంచి దిగిన పచ్చివడ్లకు తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ ఒప్పుకోదు. కళ్లాలు చాలవు. ఉన్నదొక్కటే నున్నటి, వేడెక్కిన నేల, తారురోడ్డు. దాంతో రోడ్డులో సగం బంగారు రంగు పరుపవుతుంది. అంచున వరసగా రాళ్లు, రాత్రి కప్పడానికి మడతపెట్టిన పట్టాలు, పట్టా ఎగరకుండా పైన ఇంకో రాయి. ఒకామె చెప్పులు విడిచి వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తుంది. ఆమె కాళ్ల వెనక రెండు చాళ్లు పడతాయి, అడుగునున్న తడి గింజలు పైకి తేలతాయి. మళ్లీ వెనక్కి తిరిగి, పాత చాలు పక్కనే కొత్త చాలు. కొలత కర్ర లేకుండానే అన్నీ సమదూరంలో పడతాయి. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఇదే నడక. ఎండిన గింజను పంటి కింద పెట్టి కటుక్కుమనిపించి చూసి, అప్పుడు సంచి పడుతుంది.

“వడ్ల మీదికెల్లి తొక్కకు సారూ, గటు పక్కకెల్లి పో” అన్నాడొక పెద్దాయన. తప్పుకుని దిగాను. ఎటు అని అడిగాడు. లక్కవరం, ఆపైన కృష్ణ ఒడ్డు అన్నాను. సైకిల్‌ను ఎగాదిగా చూశాడు. “మోటరు లేదా దీనికి?” లేదన్నాను. “మా నాయిన ఎడ్లబండి మీద పోయేటోడు మట్టపల్లి తిరునాళ్లకు. బాట వేరే ఉండె. నక్షల ఇప్పటికీ ఉంది. చేన్ల మాత్రం లేదు” అన్నాడు. ఈ కథనం మొత్తం ఆయన ఆ మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఆ సంగతికి తరవాత వస్తాను.

రేలకాయల కథ

హుజూర్‌నగర్ ఊళ్లో ఆగడానికి పెద్దగా ఏమీ లేదు, టీ తప్ప. జడ్చర్ల నుంచి కోదాడ వచ్చే 167వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. ధాన్యం లారీలు, సిమెంటు లారీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే ఆ రోడ్డు మీద సైకిల్‌కు చోటు లేదు. వీలైనంత త్వరగా లక్కవరం వైపు జారుకోవాలి.

లక్కవరం దాటాక, కృష్ణ దగ్గరయ్యే కొద్దీ, నేల గట్టిపడుతుంది. మట్టి పలచబడి కింద సున్నపురాయి పైకి తేలుతుంది. మఠంపల్లి, మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. ఇళ్ల ముందు అరుగులు నాపరాళ్లు, దొడ్డి దడులు నాపరాళ్లు, పశువుల కొట్టం గోడలూ నిలువునా పాతిన నాపరాళ్లే. ముళ్లకంపకు బదులు రాతిపలకల కంచె వేసుకునే పల్లెలు ఇవి.

ఈ ముక్కలోనే టావెర్నియర్‌కు చుక్కలు కనిపించాయి. లకాబరోన్ నుంచి కొల్లూరు చేరబోయే దాకా దారంతా బండలేనని, రెండు మూడు చోట్ల తన బండిని ఊడదీయించి ముక్కలుగా మోయించి అవతల మళ్లీ బిగించుకోవాల్సి వచ్చిందని రాశాడు. అంత మాత్రానికి ఆయన పేదరికంలో ప్రయాణం చేశాడనుకోకండి. ఆ బండికి కట్టిన ఎడ్ల జత ఖరీదు ఆరొందల రూపాయలకు అటూఇటుగా పడిందట. నౌకరుకు నెలకు నాలుగు రూపాయలిచ్చే రోజుల్లో! మధ్యాహ్నం వాటికి గోధుమపిండిలో వెన్న, నల్లబెల్లం కలిపి పిసికిన ముద్దలు పెట్టేవారు. సాయంత్రం దంచి నానబెట్టిన శనగలు. ఇవాళ ఈ దారిలో మనిషికి దొరికే చిరుతిండి కంటే అది మేలు.

బండల మధ్య కాస్త మన్ను దొరికిన చోటల్లా రేలచెట్లు ఉన్నాయని కూడా ఆయన గమనించాడు. ఇక్కడి రేలకాయ గుజ్జుకు దేశం మొత్తంలో సాటి లేదని, విరేచనానికి దానంత పనిచేసేది మరొకటి లేదని తేల్చాడు. ఎలా తెలిసిందంటే, దారి పొడవునా తన మనుషులు తిన్నారు, ఫలితం తాను చూశాడు. మూడున్నర శతాబ్దాల కిందటి యాత్రికుడి పుస్తకంలో మన చింతలపాలెం, మేళ్లచెరువు గుట్టలకు దక్కిన ఏకైక కితాబు ఇది. గర్వపడాలో లేదో మీరే తేల్చుకోండి. రేలపూలు చూడాలంటే మాత్రం ఏప్రిల్, మే నెలల్లో రావాలి. ఆ ఎండల్లో సైకిల్ తొక్కమని నేనైతే చెప్పను.

మేళ్లచెరువులో స్వయంభు శంభులింగేశ్వరుడి గుడి ఉంది. శివరాత్రి జాతరకు ఎత్తయిన ప్రభలు కడతారు, ఎడ్ల పందేలు పెడతారు. బండలు లాగే ఆ ఎడ్లను చూస్తే, టావెర్నియర్ వెన్నముద్దలు పెట్టి మేపిన జత ఎలా ఉండేదో ఊహకందుతుంది. నడకకు, సైకిల్‌కు శివరాత్రికి ముందు వారాలే మంచివి. చలి వెళ్లబోతూ ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు.

నీటి కింద అరవై వేల మంది

బాట కృష్ణ ఒడ్డున ఆగిపోతుంది. అవతలి ఒడ్డు పల్నాడు. కొల్లూరు అక్కడ ఉండేది. ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ప్రాజెక్టు నిండితే 45.77 టీఎంసీలు. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. ఇటు వైపు వజినేపల్లి దగ్గర 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. జొన్నో సజ్జో వేద్దామని ఓ బీదవాడు నేల తవ్వుతుంటే పాతిక క్యారట్ల రాయి దొరకడంతో ఈ గని బయటపడిందని టావెర్నియర్ విన్నాడు. తాను వెళ్లేసరికి అరవై వేల మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ అరవై వేల మందిలో ఒక్క పేరూ మనకు మిగల్లేదు. అక్కణ్నుంచి వచ్చాయని చెప్పుకునే రాళ్లకు మాత్రం పేర్లు ఉన్నాయి. కోహినూర్, హోప్.

నీళ్లు తగ్గిన వేసవిలో అవతలి ఒడ్డున వజ్రాల వేటకు జనం గుడారాలు వేసుకుని దిగుతారు. ఇవతల మనకు కనిపించేది విశాలమైన నీళ్లు, తేలే నాటుపడవలు, దూరాన మసకగా నల్లమల కొసకొమ్ములు. కృష్ణ ఎంత వెడల్పుగా ఉంటుందో పుష్కరాల ఘాట్లలో నిలబడితే తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. కొంచెం ఎగువన మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడికి ఈ వెనకజలాలతో ఇబ్బంది వచ్చి కరకట్ట కట్టారు. వరద సీజన్‌లో కట్ట మీద నిలబడితే ఒక పక్క గుడి, మరో పక్క అంతకంటే ఎత్తున నది. మట్టపల్లి చూడకుండా ఈ ప్రయాణం ముగించకూడదు. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా దాకా వెళ్లవచ్చు. జనవరి ఉర్సుకు హిందువులే ఎక్కువగా కనిపించే దర్గా అది.

తిరుగు ప్రయాణం కోదాడ మీదుగా పెట్టుకుంటే మరో వింత. మునగాల. నిజాం రాజ్యం మధ్యలో ఉంటూ బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన పరగణా ఇది. అంటే హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్లే మనిషి నిజాం ఏలుబడి దాటి ఇంగ్లిషు నేల మీద కాలుపెట్టి, కాసేపటికి మళ్లీ నిజాం నేల తొక్కి, ఆ తరవాత అసలు సరిహద్దు దాటేవాడు. నిజాం సుంకాల శాఖ కరోడ్‌గిరి వాళ్లకు ఇంతకంటే తలనొప్పి ఉండదు. 1959లో గానీ మునగాల నల్గొండ జిల్లాలో కలవలేదు. రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, నడిగూడెం కోట... 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడం వెనక ఈ చిన్న పరగణా ఉంది. పింగళి వెంకయ్య పత్తి మీద పరిశోధనలు చేసిందీ ఇక్కడే. దీని మీద వేరే ముఖచిత్ర కథనమే రాయాలి.

రోడ్డు ఎలా పోయింది, ఎలా తేవచ్చు

బాటలు ఒక్కరోజులో చావవు. గోల్కొండ 1687లో కూలింది, వజ్రాలు తగ్గిపోయాయి, చుట్టుదారికి పనిలేకుండా పోయింది. 1889లో బెజవాడకు వరంగల్ మీదుగా రైలు కలిశాక తిన్ననిదారి సరుకు కూడా ఉత్తరానికి మళ్లింది. మోటార్లు వచ్చి సూర్యాపేట–కోదాడ రోడ్డుకు ప్రాణం పోశాయి. తొమ్మిదో నంబరు హైవే 65 అయింది, నాలుగు వరుసలైంది, ఊళ్లకు బైపాస్‌లు వచ్చాయి. ఇప్పుడు ఆరు వరుసల ప్రతిపాదన నడుస్తోంది. 2024 సెప్టెంబరు మొదట్లో వరదకు కోదాడ–నందిగామ నడుమ హైవే మూతపడ్డప్పుడు, హైదరాబాద్ వాహనాలను నార్కట్‌పల్లి, నల్గొండ, మిర్యాలగూడ మీదుగా కృష్ణ దాటించారు. గత్యంతరం లేనప్పుడు మళ్లీ దక్షిణపు చుట్టుదారే దిక్కయింది.

ఇలా పాతబడిన రోడ్డును ఏం చేయవచ్చో అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం చేసి చూపించింది. పోర్ట్‌లాండ్‌లో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మల్ట్‌నోమా జలపాతానికి తీసుకెళతారు. ఆ జలపాతం పక్కనుంచి పోయేదే హిస్టారిక్ కొలంబియా రివర్ హైవే. 1913లో మొదలై 1922లో పూర్తయింది. సామ్యూల్ హిల్ అనే ధనికుడి పట్టుదల, సామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజినీరు చేయి. నది వెంట దాదాపు 117 కిలోమీటర్లు. తరవాత ఫ్రీవే వచ్చి దాన్ని ముక్కలు చేసింది. మోజియర్ దగ్గర కొండలో తొలిచిన జంట సొరంగాలను రాళ్లతో పూడ్చేశారు. 1986లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, మిగిలిన ముక్కలను కలిపి నడకకు, సైకిళ్లకు ఇవ్వమంది. 2000లో ఆ సొరంగాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడు వాటిలోంచి కార్లు పోవు, మనుషులు పోతారు.

మనకు డబ్బు లేక కాదు. హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించాం. మంచిదే. కానీ అది ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందని అడిగితే జవాబు లేదు. వెళ్లి, తిరిగి అక్కడికే వస్తుంది. నాగులపహాడ్–లక్కవరం–కృష్ణ బాట అలా కాదు. కాకతీయుల గుడి దగ్గర బయల్దేరి, సాగర్ కాల్వ దాటి, సున్నపురాతి నేల మీద నడిచి, మునిగిపోయిన గని ఎదుట తేలుతుంది. పైకప్పు అక్కర్లేదు. సిమెంటు ఎడ్లబండి బొమ్మ, రంగుల లైట్లు, ‘ఐ లవ్ హుజూర్‌నగర్’ అక్షరాలు అసలే అక్కర్లేదు. మన టూరిజం శాఖలకు ఆ జబ్బు ఉంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నా.

కావలసింది ఆ పెద్దాయన చెప్పిన నక్షా. గ్రామ నక్షాలో బండ్ల బాటకు గీతలు ఉన్నాయి. పట్టా భూమి కాదు, ఎవరి పేరునా రాదు. చేను దున్నేటప్పుడు ఏటా ఒక చాలు ఇటు, ఒక చాలు అటు జరుగుతూ బాట సన్నబడి మాయమవుతుంది. నక్షా బాట తగువులు లేని మండల ఆఫీసు మన జిల్లాల్లో ఉండదు. ఆక్రమించినవాళ్లు కూడా చిన్న రైతులే, వాళ్ల మీదికి జేసీబీలు తోలమని ఎవరూ అడగరు. బాట మిగిలిన చోట దాన్ని కాపాడి, పూర్తిగా పోయిన చోట పక్కనున్న పంచాయతీ రోడ్డుతోనో కాల్వకట్టతోనో కలిపితే చాలు. మజిలీ ఊళ్లలో ఒక్కో రాతిపలక, దాని మీద నాలుగు వాక్యాలు. రాయికి ఈ నేలలో కొరత లేదు.

మీరు ఈలోపే బయల్దేరదలిస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. సైకిల్‌ను సూర్యాపేట దాకా కారులోనో డీసీఎంలోనో తెచ్చుకోండి, హైవే మీద తొక్కవద్దు. పొద్దున్నే బయల్దేరి హుజూర్‌నగర్‌లో రాత్రికి ఆగి, మర్నాడు కృష్ణ ఒడ్డుకు చేరితే ఒళ్లు నొప్పి లేకుండా ఉంటుంది. లక్కవరం దాటాక నీళ్ల సీసాలు నింపుకోండి. లారీలు తిరిగే మఠంపల్లి, మేళ్లచెరువు రోడ్ల మీద తెల్లవారుజామునే ముందుకు సాగండి. రిజర్వాయర్ ఒడ్డు లోతు తెలియని చోట నీళ్లలో దిగవద్దు. వడ్లు ఆరబోసిన చోట దిగి నడిపించుకు పోండి.

సూర్యాపేట కలెక్టరేట్‌కు ఒక విన్నపం. హైవే ఆరు వరుసలయ్యే లోపు, రియల్ ఎస్టేట్ హద్దురాళ్లు పడే లోపు, నాగులపహాడ్ నుంచి లక్కవరం మీదుగా కృష్ణ దాకా ఉన్న గ్రామాల నక్షాలు తీయించి, బాట ఎక్కడెక్కడ మిగిలిందో సర్వేయర్లతో కొలిపించి ప్రభుత్వం తరఫున హద్దురాళ్లు పాతించండి. ట్రాక్ సంగతి తరవాత చూసుకోవచ్చు.